తొలినాటి ఐరిష్ సన్యాసులు – క్రైస్తవ వ్యాప్తి

క్రీ.శ. 6వ శతాబ్దం నుంచి 9వ శతాబ్దం వరకు ఐర్లండ్‌లోని క్రైస్తవ మఠాలు విద్యకు, తపస్సుకు పేరుపొందాయి. ఆ మఠాల సన్యాసుల్లో కొందరు స్వదేశం విడిచి, నేటి స్కాట్లండ్, ఉత్తర ఇంగ్లండ్, ఫ్రాన్స్, స్విట్జర్లండ్, జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీ ప్రాంతాల్లో కొత్త మఠాలు నెలకొల్పారు. అన్యమతస్థులను క్రైస్తవులుగా మార్చాలన్న సంకల్పంతో బయలుదేరినవారు వీరిలో తక్కువ. పుట్టిన నేలను, బంధువర్గాన్ని వదులుకోవడమే తపస్సుగా ఎంచి కదిలినవారే ఎక్కువ. మతప్రచారం ఆ ప్రవాసానికి ఫలితంగా వచ్చింది. అయోనా, లిండిస్‌ఫార్న్, లుక్సెయ్, బొబ్బియో వీరి ప్రధాన కేంద్రాలు. వ్యక్తిగత పాపసంకీర్తనం, చేతిరాత గ్రంథాల తయారీ, లాటిన్ విద్యాబోధన అనే మూడు రంగాల్లో వీరి ప్రభావం చాలాకాలం నిలిచింది.

నేపథ్యం

రోమన్లు బ్రిటన్‌ను ఆక్రమించారు గానీ ఐర్లండ్‌ను జయించలేదు. అందువల్ల అక్కడ రోమన్ నగరాలు, రాజమార్గాలు, లాటిన్ పాఠశాలలు వెలియలేదు. దేశం చిన్న చిన్న రాజ్యాలుగా ఉండేది. ఒక్కో రాజ్యంలో బంధువర్గమే మనిషికి అండ. సంపదను పశువులతో లెక్కించేవారు. ధర్మశాస్త్రాన్ని, వంశావళులను, కవిత్వాన్ని కంఠస్థం చేసి కాపాడే పండిత వర్గానికి సమాజంలో పెద్దపీట. ఓగమ్ అనే లిపి ఉన్నా, దాన్ని ఎక్కువగా రాతిస్తంభాల మీద పేర్లు చెక్కడానికే వాడేవారు.

బ్రిటన్‌తో ఉన్న వర్తకం ద్వారా, అక్కడి నుంచి పట్టితెచ్చిన బానిసల ద్వారా క్రైస్తవం మెల్లగా ఈ ద్వీపం చేరింది. 431లో పోప్ సెలస్టైన్ ఐర్లండ్‌లోని క్రైస్తవులకు తొలి బిషప్‌గా పల్లాడియస్‌ను పంపినట్లు సమకాలికుడైన ప్రాస్పర్ నమోదు చేశాడు. ఒక బిషప్ అవసరమయ్యేంతమంది విశ్వాసులు అప్పటికే అక్కడ ఉన్నారని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఐర్లండ్‌లో క్రైస్తవ వ్యాప్తికి ప్రతీకగా నిలిచినవాడు పాట్రిక్. ఇతడు 5వ శతాబ్దానికి చెందిన బ్రిటన్ వాసి. తండ్రి డీకన్, తాత మతగురువు. పదహారేళ్ల వయసులో దోపిడీదారులు ఇతన్ని ఎత్తుకుపోయి ఐర్లండ్‌లో బానిసగా అమ్మారు. ఆరేళ్లు పశువులు కాసి, తప్పించుకుని ఇల్లు చేరాడు. తర్వాత బిషప్‌గా తిరిగివచ్చి, తనను బానిసగా చేసుకున్న దేశంలోనే బోధించాడు. ఇతడు లాటిన్‌లో రాసిన ఆత్మనివేదన, కొరోటికస్ అనే నాయకుడి సైనికులకు రాసిన లేఖ నేటికీ ఉన్నాయి. స్థానిక నాయకుల కొడుకులు, కూతుళ్లు సన్యాస జీవితం వైపు మొగ్గుతున్నారని పాట్రిక్ అందులో సంతోషంగా చెప్పుకున్నాడు. మరుసటి శతాబ్దంలో ఆ మొగ్గు ఉద్యమంగా మారింది.

మఠాల పుట్టుక

రోమన్ సామ్రాజ్యంలో చర్చి పరిపాలన నగరాల మీద ఆధారపడి నడిచేది. నగరానికో బిషప్, ఆయన చుట్టూ ఒక మండలం. నగరాలే లేని ఐర్లండ్‌లో మఠం ఆ లోటు తీర్చింది. ఒక బంధువర్గం భూమి దానం చేస్తే, మఠస్థాపకుడి వంశం నుంచే తరచు తర్వాతి మఠాధిపతులు వచ్చేవారు. బిషప్పులు లేకపోలేదు, అయితే భూములు, ఆదాయం, పలుకుబడి చాలాచోట్ల మఠాధిపతుల చేతుల్లో ఉండేవి.

తపస్సు తీరు మాత్రం ఈజిప్టు ఎడారి సన్యాసుల నుంచి వచ్చింది. జాన్ కాసియన్ రచనలు, గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) దేశపు మార్టిన్ జీవితచరిత్ర ఆ ఆదర్శాన్ని పడమటి దేశాలకు చేర్చాయి. 6వ శతాబ్దంలో ఫినియన్ క్లోనార్డ్‌లో, కీరన్ క్లోన్‌మక్‌నాయిస్‌లో, కాంగల్ బాంగర్‌లో, కెవిన్ గ్లెండలాక్‌లో మఠాలు స్థాపించారు. బ్రిజిడ్ పేరుతో ప్రసిద్ధమైన కిల్డేర్ మఠంలో స్త్రీలు, పురుషులు ఇరువురూ ఉండేవారు. షానన్ నదిని తూర్పు పడమర బాట దాటే చోట వెలసిన క్లోన్‌మక్‌నాయిస్, కాలక్రమంలో వృత్తిపనివారు, విద్యార్థులు, కౌలురైతులతో చిన్న పట్టణమంత అయింది.

మఠ జీవితం

సాధారణంగా మఠం చుట్టూ గుండ్రని మట్టికట్ట గానీ రాతిగోడ గానీ ఉండేది. మధ్యలో కర్రతో కట్టిన చిన్న చర్చి, దాని చుట్టూ గుడిసెలు, వంటశాల, రాతగది, అతిథిగృహం. పడమటి తీరంలో కలప కరువు కాబట్టి అక్కడ రాతిని వాడారు. కెర్రీ తీరానికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో అట్లాంటిక్ సముద్రంలో నిలిచిన స్కెలిగ్ మైఖేల్ అనే కొండదీవి ఇందుకు మంచి ఉదాహరణ. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గుమ్మటపు కుటీరాలు, వాటికి చేర్చే 600కు పైగా రాతిమెట్లు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. యునెస్కో 1996లో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఐరిష్ మఠ నియమాల కాఠిన్యం తర్వాత గాల్ దేశంలో మఠాలు స్థాపించిన కొలంబానస్ రాసిన నియమావళిలో స్పష్టంగా కనిపిస్తుంది. రోజుకు ఒక్కపూటే, సాయంత్రం భోజనం: కూరాకు, పప్పుగింజలు, నీళ్లలో కలిపిన పిండి, ఒక చిన్న రొట్టె. చలికాలంలో శని, ఆదివారాల రాత్రి ప్రార్థనలో 75 కీర్తనలు పాడాలి. భోజనం దగ్గర ప్రార్థనకు ఆమెన్ అనకపోయినా, కీర్తన ఎత్తుకునేటప్పుడు దగ్గు వచ్చి గొంతు తడబడినా ఆరు దెబ్బలు శిక్ష. సొంత ఇష్టాన్ని పూర్తిగా చంపుకుని పెద్దల మాటకు కట్టుబడటమే ఈ నియమాల ఉద్దేశం.

స్వదేశ పరిత్యాగం

ఐరిష్ ధర్మశాస్త్రం ప్రకారం సొంత రాజ్యం పొలిమేర దాటిన సామాన్యుడికి హక్కులు ఉండేవి కావు. ఘోరమైన నేరం చేసినవారిని పడవలో కూర్చోబెట్టి సముద్రంలోకి తోసివేయడం ఒక శిక్ష. ఎవరూ కోరుకోని ఆ స్థితిని దేవుని కోసం కోరి నెత్తిన వేసుకోవడాన్ని సన్యాసులు మహాత్యాగంగా భావించారు. కాంబ్రే ప్రసంగం అనే ప్రాచీన రచన సాక్షిమరణాన్ని మూడు రకాలుగా విభజించింది. ప్రాణం అర్పించడం ఎర్రనిది. ఉపవాసంతో, శ్రమతో కోరికలను జయించడం పచ్చనిది. ప్రేమించినవాటినన్నిటినీ దేవుని కోసం విడిచిపోవడం తెల్లనిది.

ఈ ఆదర్శం ఎంత దూరం పోయిందో ఆంగ్లో సాక్సన్ క్రానికల్ 891వ సంవత్సరం కింద నమోదు చేసిన ఒక సంఘటన చూపుతుంది. ముగ్గురు ఐరిష్ యాత్రికులు రెండున్నర పశుచర్మాలతో కుట్టిన పడవ ఎక్కి, ఏడు రోజులకు సరిపడా తిండి పెట్టుకుని, తెడ్లు లేకుండా సముద్రంలోకి వదిలేసుకున్నారు. ఎక్కడికి చేరినా సరే, దేవుని కోసం ప్రవాసంలో ఉంటే చాలనుకున్నారు. ఏడు రోజుల తర్వాత కార్న్‌వాల్ తీరం చేరి, అక్కడి నుంచి ఆల్‌ఫ్రెడ్ రాజు దగ్గరికి వెళ్లారు.

కొలంబా, అయోనా మఠం

కొలంబా సుమారు 521లో ఉత్తర ఐర్లండ్‌లోని ఉయ్ నీల్ రాజవంశంలో పుట్టాడు. 563లో పన్నెండుమంది సహచరులతో స్కాట్లండ్ పడమటి తీరానికి చేరి, సుమారు 5 కిలోమీటర్ల పొడవున్న అయోనా దీవిలో మఠం స్థాపించాడు. అంతకు రెండేళ్ల ముందు కూల్ డ్రెవ్నె దగ్గర జరిగిన యుద్ధంతో ఇతని బంధువర్గానికి సంబంధం ఉంది. కీర్తనల గ్రంథాన్ని అనుమతి లేకుండా నకలు రాసుకోవడమే ఆ యుద్ధానికి కారణమన్న కథ చాలా శతాబ్దాల తర్వాత పుట్టింది.

ఆ తీరంలో అప్పటికే డాల్ రియాటా అనే ఐరిష్ రాజ్యం ఉండేది. ఉత్తరాన పిక్టులు అనే జాతివారు ఉండేవారు. కొలంబా పిక్టుల రాజు బ్రిడేను కలిశాడు. డాల్ రియాటా రాజులకు సలహాదారుగా మెలిగాడు. పిక్టుల దేశంలో క్రైస్తవం పాదుకొన్నది మాత్రం ఇతని ఒక్కడి జీవితకాలంలో కాదు, అయోనా శిష్యుల తరాల కృషితో. 597లో చనిపోవడానికి ముందురోజు కూడా కొలంబా కీర్తనల గ్రంథం నకలు రాస్తూనే ఉన్నాడు. 34వ కీర్తనలో ఒక పుట చివరికి వచ్చి కలం ఆపి, మిగతాది బైథీన్ రాస్తాడని చెప్పాడట. ఆ బైథీనే తర్వాతి మఠాధిపతి అయ్యాడు.

ఈ వివరాలు చెప్పినవాడు అయోనా తొమ్మిదో మఠాధిపతి అదొమ్నాన్. కొలంబా మరణించిన నూరేళ్లకు ఇతడు లాటిన్‌లో ఆయన జీవితచరిత్ర రాశాడు. 697లో బిర్ దగ్గర జరిగిన సభలో యుద్ధాల్లో స్త్రీలను, పిల్లలను, మతగురువులను చంపరాదనే శాసనాన్ని ఆమోదింపజేశాడు. దానికి 91మంది రాజులు, మతపెద్దలు పూచీదారులుగా నిలిచారు.

ఐడాన్, లిండిస్‌ఫార్న్

ఉత్తర ఇంగ్లండ్‌లోని నార్తంబ్రియా రాజకుమారుడు ఆస్వాల్డ్ రాజ్యం పోగొట్టుకుని, ఐరిష్ వారి మధ్య ప్రవాసంలో పెరిగి, అక్కడే బాప్తిస్మం పొందాడు. 634లో రాజ్యం తిరిగి గెలుచుకున్నాక బోధకుణ్ణి పంపమని అయోనాను కోరాడు. మొదట వచ్చినవాడు ఈ జనం మొండివాళ్లని విసిగి వెనుదిరిగాడు. 635లో వచ్చిన ఐడాన్ లిండిస్‌ఫార్న్ దీవిలో మఠం స్థాపించాడు. సముద్రం పోటుమీద ఉన్నప్పుడు ఈ నేల దీవి అవుతుంది, ఆటు సమయంలో తీరంతో కలుస్తుంది. ఐడాన్‌కు ఆంగ్లభాష సరిగా రాకపోవడంతో అతని ప్రసంగాలను రాజే స్వయంగా తన అధికారులకు అనువదించి చెప్పేవాడని చరిత్రకారుడు బీడ్ రాశాడు.

ఐడాన్ ఊరూరా కాలినడకన తిరిగేవాడు. ఏరులు దాటడానికి పనికొస్తుందని ఆస్విన్ అనే మరో రాజు అతనికి మేలుజాతి గుర్రాన్ని, రాజోచితమైన జీనుతో సహా ఇచ్చాడు. కొద్దిరోజులకే దారిలో ఎదురైన బిచ్చగాడికి ఐడాన్ ఆ గుర్రాన్ని అలాగే ఇచ్చేశాడు. రాజు నొచ్చుకుంటే, గుర్రపు పిల్ల కంటే దేవుని బిడ్డ మీకు తక్కువా అని అడిగాడు. వేట నుంచి వచ్చి చలి కాచుకుంటున్న రాజు కాసేపు ఆలోచించి, కత్తి పక్కనపెట్టి, అతని కాళ్లమీద పడి క్షమించమన్నాడు. ధనికులిచ్చిన డబ్బుతో ఐడాన్ బానిసలను విడిపించేవాడు. వారిలో కొందరికి చదువు చెప్పి మతగురువులుగా చేశాడు. 651లో అతడు మరణించాక లిండిస్‌ఫార్న్ శిష్యులు మెర్సియా, ఎసెక్స్ రాజ్యాలకు కూడా బోధకులుగా వెళ్లారు.

ఈస్టర్ వివాదం

సిద్ధాంతంలో ఐరిష్ చర్చికి, రోమ్‌కు విభేదం లేదు. పేచీ ఆచారాల దగ్గర వచ్చింది. అయోనావారు ఈస్టర్ తేదీని పాత 84 ఏళ్ల చక్రం ప్రకారం లెక్కకట్టేవారు. రోమ్ అప్పటికి 19 ఏళ్ల చక్రానికి మళ్లింది. ఐరిష్ సన్యాసులు తల ముందుభాగాన్ని ఒక చెవి నుంచి మరో చెవి వరకు గొరిగించుకునేవారు. రోమన్ పద్ధతిలో నడినెత్తిన గొరిగి చుట్టూ జుట్టు వదిలేవారు. నార్తంబ్రియా రాజభవనంలో ఇది ఇంటి సమస్యగా మారింది. రాజు ఆస్వియు అయోనా పద్ధతివాడు, కెంట్ నుంచి వచ్చిన రాణి రోమన్ పద్ధతిది. రాజు ఈస్టర్ విందు చేసుకుంటుంటే రాణి ఇంకా మట్టల ఆదివారం ఉపవాసంలో ఉండేది.

664లో మఠాధిపతి హిల్డా ఆధ్వర్యంలోని విట్బీ మఠంలో సభ జరిగింది. ఐరిష్ పక్షాన కోల్మాన్, రోమ్ పక్షాన విల్‌ఫ్రిడ్ వాదించారు. స్వర్గం తాళంచెవులు, రోమ్ పక్షం తమ ఆద్యుడిగా చూపిన పేతురుకు అప్పగించిన మాట నిజమేనని ఇద్దరూ ఒప్పుకున్నారు. ద్వారపాలకుడితో తగవు తనకెందుకంటూ రాజు రోమ్ వైపు తీర్పు చెప్పాడు. కోల్మాన్ తన అనుచరులతో ఐర్లండ్ పడమటి తీరంలోని ఇనిష్‌బోఫిన్ దీవికి వెళ్లిపోయాడు. దక్షిణ ఐర్లండ్ చర్చీలు 630ల్లోనే రోమన్ లెక్కను అంగీకరించాయి. అయోనా 716లో అంగీకరించింది.

కొలంబానస్, యూరప్ ప్రధాన భూభాగం

ప్రధాన భూభాగానికి వెళ్లిన ఐరిష్ సన్యాసుల్లో అగ్రగణ్యుడు కొలంబానస్. లెన్‌స్టర్‌లో పుట్టి, బాంగర్ మఠంలో చాలాకాలం బోధకుడిగా ఉండి, సుమారు 590లో పన్నెండుమందితో గాల్ చేరాడు. వోజ్ కొండల్లో అనెగ్రే, లుక్సెయ్, ఫోంతెన్ అనే మూడు మఠాలు స్థాపించాడు. లుక్సెయ్ ఒకప్పటి రోమన్ స్నానఘట్టాల శిథిలాల మీద వెలసింది.

గాల్‌ను ఏలుతున్న ఫ్రాంకుల రాజ్యం అప్పటికే క్రైస్తవ రాజ్యం. కాబట్టి ఇక్కడ కొలంబానస్ పని మతమార్పిడి కాదు, చల్లబడిన భక్తిని తిరిగి రగిలించడం. అందులో అతనికి ప్రభువర్గపు యువకులు శిష్యులయ్యారు, బిషప్పులు విరోధులయ్యారు. ఈస్టర్ లెక్కపై పోప్‌లకు వెరపు లేకుండా లేఖలు రాశాడు. రాజు థియోడెరిక్‌కు వివాహేతరంగా పుట్టిన కొడుకులను ఆశీర్వదించనని తెగేసి చెప్పడంతో, రాజుకు, అతని నాయనమ్మ బ్రూన్‌హిల్డాకు కంటగింపై 610లో బహిష్కృతుడయ్యాడు.

ఐర్లండ్‌కు పంపబోయిన ఓడ గాలికి వెనక్కి తిరగడంతో అతడు రైన్ నది మీదుగా కాన్‌స్టెన్స్ సరస్సు తీరంలోని బ్రెగెంజ్ చేరాడు. అక్కడ అలెమాన్ జాతివారు ఇంకా పాతదేవతలను కొలిచేవారు. వారు వోడెన్ దేవుడికి నివేదించబోతున్న బీరు పీపా మీద కొలంబానస్ ఊదితే అది పగిలిపోయిందని జీవితచరిత్రకారుడు జోనాస్ రాశాడు. రాజకీయాలు మళ్లీ ఎదురు తిరగడంతో 612లో ఆల్ప్స్ దాటి, లొంబార్డు రాజు అగిలుల్ఫ్ ఇచ్చిన స్థలంలో 614లో బొబ్బియో మఠం స్థాపించాడు. 615 నవంబర్ 23న అక్కడే మరణించాడు.

జబ్బుపడి వెనుక ఉండిపోయిన గాల్ అనే శిష్యుడు స్టైనాక్ ఏటి ఒడ్డున కుటీరం కట్టుకున్నాడు. ఆ చోటనే 719లో ఓట్మార్ సెయింట్ గాల్ మఠాన్ని నెలకొల్పాడు. లుక్సెయ్ శిష్యులు, వారి పోషకులైన ప్రభువులు 7వ శతాబ్దంలో ఉత్తర గాల్ అంతటా మఠాలు కట్టారు. వీటిలో చాలాచోట్ల కొలంబానస్ నియమావళిని, దానికంటే మృదువైన బెనెడిక్ట్ నియమావళిని కలిపి పాటించేవారు.

మరికొందరు వేరే దారుల్లో వెళ్లారు. ఫర్సీ తూర్పు ఇంగ్లండ్‌లో బోధించి గాల్ చేరాడు. అతని సమాధి ఉన్న పెరోన్ ఐరిష్ సన్యాసుల స్థావరమైంది. కిలియన్ 7వ శతాబ్దం చివర వూర్ట్‌స్‌బుర్గ్‌లో హతుడయ్యాడు. 8వ శతాబ్దంలో సాల్జ్‌బర్గ్ బిషప్ అయిన వర్జిల్, స్లావుల ప్రాంతమైన కరంటానియాకు బోధకులను పంపాడు.

ప్రాయశ్చిత్త విధానం

ప్రాచీన చర్చిలో ఘోరపాపానికి ప్రాయశ్చిత్తం బహిరంగంగా, బిషప్ ఎదుట, జీవితంలో ఒక్కసారే జరిగేది. అందుకే చాలామంది దాన్ని మరణశయ్య వరకు వాయిదా వేసేవారు. ఐరిష్ మఠాల్లో సన్యాసి తన తప్పులను ఒక ఆత్మబంధువు ముందు రహస్యంగా, ఎన్నిసార్లయినా ఒప్పుకునేవాడు. ఫినియన్, కమియన్, కొలంబానస్ రాసిన ప్రాయశ్చిత్త గ్రంథాలు ఒక్కో పాపానికి ఎన్నాళ్లు రొట్టె, నీళ్లతో గడపాలో నిర్ణయించాయి. ఒకే తప్పుకు గృహస్థుడి కంటే మతగురువుకు శిక్ష ఎక్కువ.

ఈ పద్ధతి మఠాల గోడలు దాటి సామాన్యులకూ వ్యాపించింది. 9వ శతాబ్దపు ఫ్రాంకుల సభలు ఈ గ్రంథాలను తప్పుపట్టినా వాడుక ఆగలేదు. 1215లో నాలుగో లాటరన్ మహాసభ ప్రతి విశ్వాసీ ఏటా ఒకసారైనా గురువు వద్ద పాపసంకీర్తనం చేయాలని శాసించింది.

గ్రంథాలు, విద్య

ఐరిష్ వారికి లాటిన్ పూర్తిగా పరభాష. దాన్ని వ్యాకరణం ద్వారా నేర్చుకోవలసిందే. పదాలన్నీ కలిపి రాసే రోమన్ అలవాటు వారికి ఇబ్బంది కలిగించడంతో, పదానికి పదానికి మధ్య ఖాళీ వదిలే పద్ధతిని ఐరిష్ లేఖకులు వ్యాప్తిలోకి తెచ్చారు. నేడు లాటిన్ లిపిలో అచ్చయ్యే ప్రతి పుస్తకంలో ఆ పద్ధతి కనిపిస్తుంది. తమ సొంత భాషను కూడా లాటిన్ అక్షరాల్లో రాసి, ధర్మశాస్త్రాన్ని, పురాణకథలను మఠాల్లోనే గ్రంథస్థం చేశారు.

దూడచర్మపు పత్రాల మీద రాసిన డరో గ్రంథం, సుమారు 800 నాటి కెల్స్ గ్రంథం సువార్తల అలంకరణకు మచ్చుతునకలు. 340 ఆకుల కెల్స్ గ్రంథం డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో ఉంది. సామాన్య పాఠ్యగ్రంథాల అంచుల్లో లేఖకుల మాటలు కూడా మిగిలాయి. సెయింట్ గాల్‌లోని ప్రిషియన్ వ్యాకరణ ప్రతిలో 9వ శతాబ్దపు లేఖకులు పాఠానికి ఐరిష్‌లో టీకలు రాస్తూ, మధ్యమధ్య ముందురాత్రి తాగుడు దిగలేదన్న సంగతిని కూడా ఓగమ్‌లో గీకిపెట్టారు. ప్రాచీన ఐరిష్ భాషా అధ్యయనానికి ఉన్న ముఖ్యాధారాల్లో ఈ టీకలు ఒకటి.

ఐరిష్ మఠాల్లో చదువుకోవడానికి వచ్చిన ఆంగ్లేయులకు భోజనం, పుస్తకాలు, బోధన ఉచితంగా అందేవని బీడ్ రాశాడు. 9వ శతాబ్దంలో ఫ్రాంకుల ఆస్థానాల్లో ఐరిష్ పండితులు వెలిగారు. సెడూలియస్ లియెజ్‌లో కవిత్వం చెప్పాడు. జాన్ స్కోటస్ ఎరియుజెనా గ్రీకు తత్త్వగ్రంథాలను లాటిన్‌లోకి అనువదించాడు. డికుయిల్ 825లో రాసిన భూగోళ గ్రంథంలో, ముప్పై ఏళ్ల కిందట ఐస్‌లండ్‌లో గడిపిన సన్యాసులు చెప్పిన మాట నమోదు చేశాడు: నడివేసవిలో అక్కడ రాత్రిపూట కూడా చొక్కాలో పేలు ఏరుకునేంత వెలుతురు ఉంటుందట.

క్షీణత

795లో వైకింగులు అయోనాను దోచుకున్నారు. 806 దాడిలో 68మంది అక్కడ హతులయ్యారు. మరుసటి ఏడు ఐర్లండ్ లోపలి కెల్స్‌లో కొత్త మఠం నిర్మాణం మొదలైంది. యూరప్‌లో 816, 817 సంవత్సరాల ఆకెన్ సభలు ఫ్రాంకుల మఠాలన్నిటికీ బెనెడిక్ట్ నియమావళిని విధించడంతో ఐరిష్ నియమాలు వాడుక తప్పాయి. 1142లో మెల్లిఫాంట్‌లో సిస్టర్సియన్ శాఖ సన్యాసులు అడుగుపెట్టాక ఐర్లండ్‌లోనూ పాత మఠాల ప్రాభవం తగ్గింది.

చారిత్రక స్థానం

రోమన్ సామ్రాజ్య పతనానంతరం యూరప్ నాగరికతను ఐరిష్ సన్యాసులే కాపాడారన్న అభిప్రాయం జనాదరణ పొందింది గానీ, దాన్ని చరిత్రకారులు యథాతథంగా అంగీకరించరు. ఇటలీ, స్పెయిన్, గాల్‌లలో లాటిన్ విద్య పూర్తిగా ఆగిపోలేదు. కెంట్‌కు క్రైస్తవాన్ని తెచ్చింది రోమ్ నుంచి వచ్చిన అగస్టీన్. జర్మనీలో చర్చి పరిపాలనను స్థిరపరచినవారిలో ముఖ్యుడు ఆంగ్లేయుడైన బోనిఫేస్. బొబ్బియోలో 7వ శతాబ్దంలో సిసెరో రాజ్యనీతి గ్రంథపు అక్షరాలను తుడిచి, ఆ చర్మపత్రాల మీదే హిప్పోకు చెందిన మరో అగస్టీన్ రచించిన కీర్తనల వ్యాఖ్యానం రాశారు. అడుగున మిగిలిన సిసెరో పాఠాన్ని 1819లో ఆంజెలో మాయ్ కనిపెట్టాడు. ఆ గ్రంథంలో నేడు లభిస్తున్న ఎక్కువ భాగానికి ఆధారం ఆ ప్రతే.

ఐరిష్ సన్యాసులు ప్రత్యక్షంగా క్రైస్తవంలోకి తెచ్చిన ప్రాంతాల్లో పెద్దవి ఉత్తర బ్రిటన్‌లోనే ఉన్నాయి. మిగతా యూరప్‌లో వారు మార్చింది జనం మతాన్ని కాదు, అప్పటికే ఉన్న మతాన్ని ఆచరించే పద్ధతిని.